అడ్డం తిప్పిన ఫోన్

అండాలమ్మ మూడంతస్తుల మెట్లెక్కి వచ్చి, తలుపు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. కొంగుతో మెడ తుడుచుకుని, సంచిలోంచి ఫోన్ తీసి హెప్సిబా టేబుల్ మీద పెట్టింది.

"ఇది మంచిగయ్యేదాంక నేను ఈడికెల్లి లేవ, మేడం."

పదకొండు కూడా కాలేదు. హెప్సిబాకు అప్పుడే సాయంత్రమైపోయినంత నీరసం వచ్చింది. మే నెల ఎండ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ బిల్డింగుకు లిఫ్టు ఉందన్న మాటే గానీ అది కదలగా చూసినవాళ్ళు లేరు. కింద అంతస్తు కోచింగ్ సెంటర్లో మాస్టారు మైకు పట్టుకుని రైళ్ళ లెక్కలు చెబుతుంటాడు. ఆ గొంతు నేలలోంచి పైకి వచ్చి కుర్చీ కాళ్ళకు తగులుతుంది. మూడేళ్ళుగా హెప్సిబా ఆ గొంతు మీదే కూర్చుని మొబైల్ యాప్‌లు రాస్తోంది. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఎంతసేపటికి కలుస్తాయో ఆమెకు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

అండాలమ్మ పని ఇంటింటికీ తిరగడం. ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక కాలనీల్లో ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగరుంది, మందులు ఎవరు వాడుతున్నారు, ఎవరు మానేశారు అని అడిగి ఫోన్‌లో ఎక్కించాలి. ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెలాంటి ముప్పైమంది ఆడవాళ్ళను ఈ పనికి పెట్టుకుంది. వాళ్ళ చేతుల్లోని యాప్ రాసింది హెప్సిబా. పోయిన శనివారం దానికి కొత్త వెర్షన్ పంపారు. సోమవారం అండాలమ్మ ఎక్కించిన ఇళ్ళు సున్నా. మంగళవారం సున్నా. బుధవారమూ సున్నా.

"పొద్దుగాల మంచిగనే నడుస్తది మేడం. మూడు, నాలుగు గొట్టంగ టక్కున బందైతది. మల్ల తెరుస్తె పొద్దటి సంది తిరిగిన ఇండ్లన్నీ మాయం. మా సూపర్వైజరు ఉదయలక్ష్మి మేడమేమో, ఇంట్ల పండుకోని ఇండ్లు తిరిగిన అంటున్నవు అంటది. ఎల్లుండి శనివారం మీటింగుల రుజువు చూపియ్యాలె. లేకుంటె ఫోను, సంచి ఇచ్చి పొమ్మంటరట. మా ఆయన పోయినంక నాకు ఇదొక్కటే ఆధారం."

"చూస్త, అమ్మా. పరేషాన్ గాకు."

"పరేషాన్ గాక ఏం జేయమంటవు? మీ ఆఫీసు నుంచి కాయిదం గూడ వచ్చిందట. యాప్‌ల ఏ లోపం లేదు, వాడేటోళ్ళ పొరపాటు అని. ముప్పైమంది ముంగట సదివిండ్రు. నేను నిలబడే ఉన్న."

హెప్సిబా ముఖం చెల్లక ఫోన్ మీదికి వంగి, ఎంతో పనున్నట్టు దాని అద్దం తుడిచింది. ఆ కాగితం రాసింది తనే. మంగళవారం భోజనానికి ముందు మూడు ఫిర్యాదులు నెత్తిమీద ఉంటే, ఒకటైనా వదిలించుకుందామని రాసింది. ఆ వాక్యానికి నిమిషం కూడా పట్టలేదు. చేతులు దులుపుకుని అన్నం తినడానికి వెళ్ళింది. ముప్పైమంది ముందు ఒక మనిషిని నిలబెట్టి దాన్ని చదువుతారని ఆమె అనుకోలేదు. అనుకోలేదు గానీ, అనుకోకపోవడం గొప్పేమీ కాదని ఇప్పుడు అనిపించింది.

ఒంటిగంట దాకా యాప్‌ను పరీక్షించారు. అండాలమ్మ నోటికొచ్చిన పేర్లు చెబుతుంటే హెప్సిబా ఎక్కిస్తూ పోయింది. ఒక ఇల్లు తెరవడం, పేర్లు చూడడం, వెనక్కి బటన్ నొక్కడం, ఇంకో ఇల్లు. నలభై ఇళ్ళయ్యాయి. లోకంలో తనంత బుద్ధిమంతురాలు లేదన్నట్టు నడిచింది యాప్.

"దవాఖాన మెట్లెక్కంగనే నొప్పి మాయమైనట్టు చేస్తున్నది జూడు," అంది అండాలమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంగ నువ్వు గూడ నమ్మవు."

"నమ్ముత."

"అయితె నాతోని రా, బిడ్డా. ఒక్క పూట."

మేడం పోయి బిడ్డ వచ్చింది. హెప్సిబాకు అది ఇంకాస్త బరువైంది. లోపలి గదిలో మేనేజరు మురళీకృష్ణ ఉన్నాడు. తెనాలివైపు నుంచి ఇరవై ఏళ్ళ కింద వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు.

"ఒక్క కంప్లయింటుకి ఎండలో పడి ఎల్బీనగర్ దాకా వెళ్తావా? ఏంటమ్మా ఇది," అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి, "సరే, వెళ్ళు. సాయంత్రానికల్లా వచ్చెయ్," అన్నాడు.

హెప్సిబా ఆ ఫోన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది. యాప్ పడిపోతే ఎందుకు పడిందో అది రాసి పెడుతుంది. ఇద్దరూ మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగారు.

ఆ మధ్యాహ్నం నడిచిన నడక హెప్సిబా కాళ్ళు చాలాకాలం మరిచిపోవు. కాలనీ వీధుల్లో సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది. గేటు, కుక్క, మెట్లు. మళ్ళీ గేటు, మళ్ళీ మెట్లు. తలుపు కొడితే సగం మంది కిటికీలోంచే "ఏం వద్దు, పో" అంటారు. అండాలమ్మ దానికేమీ నొచ్చుకోకుండా నవ్వి, మళ్ళీ కొడుతుంది. ఆమె అప్పటికి ఆ ఉదయం తిరిగిన ఇళ్ళు ఏమీ లేవు గనక మొదటి నుంచీ మొదలుపెట్టారు. హెప్సిబా ఏసీ గదిలో కూర్చుని రోజుకు నలభై ఇళ్ళు అని యాప్‌లో ఒక అంకె పెట్టింది. ఆ అంకెకు ఇన్ని మెట్లుంటాయని ఆమెకు తెలియదు.

రెండున్నరకు ఒక అపార్టుమెంటు సెల్లార్లో, మోటారు గది పక్కన నీడ చూసుకుని కూర్చున్నారు. అండాలమ్మ టిఫిన్ డబ్బా తీసింది. చుక్కకూర పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. మూతలో సగం పెట్టి హెప్సిబా చేతికిచ్చింది.

"వద్దమ్మా, నీకు చాలదు."

"తిను, బిడ్డా. ముఖం సూడు, ఎట్ల వాడిపోయిందో." తర్వాత తనే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అంది, "ఆ కాయిదం రాసినోడు ఒక్క పూట నా ఎనక తిరిగితె ఎరుకైతుండె. ఎవడో గని, వాని కడుపు సల్లగుండ, నా కడుపు మీద కొట్టిండు."

హెప్సిబా మూతలో అన్నం కలపడం ఆపి నీళ్ళ సీసా అందుకుంది. రెండు గుక్కలు తాగింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది. ఫోన్‌లో లోపం దొరికాక చెబుదాం అనుకుంది. మనిషి తనకు తాను ఇలాంటి వాయిదాలు ఎంత తేలిగ్గా ఇచ్చుకుంటాడో.

మూడున్నరకు గంగాధరరావు గారి ఇంటికి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, గుంటూరువైపు మనిషి. బీపీ ఆయనకూ ఉంది, భార్యకూ ఉంది, చెల్లెలికీ ఉంది. ఉమ్మడి కుటుంబం, మొత్తం తొమ్మిది పేర్లు. అండాలమ్మ అన్నీ ఎక్కించింది.

"ఏదమ్మా, నా పేరు ఎట్లా ఎక్కించావో చూపించు," అన్నాడాయన కళ్ళజోడు సర్దుకుంటూ.

అండాలమ్మ ఫోన్‌ను అడ్డం తిప్పింది. తెర మీద అక్షరాలు పెద్దవయ్యాయి. ఆయన చదువుకుని తల ఊపాడు. ఆమె ఫోన్ నిలువుగా చేసి, వేలితో తరవాతి పేరు తీసి, మళ్ళీ అడ్డం తిప్పి ఆయన భార్యకు చూపించింది. మళ్ళీ నిలువు. మళ్ళీ అడ్డం, చెల్లెలికి. ఇలా తొమ్మిదిమందికీ.

హెప్సిబా కాలనీలోకి వచ్చినప్పటి నుంచీ ఇది చూస్తూనే ఉంది. చూస్తున్నా పట్టించుకోలేదు, ఎండకు తల పనిచేయక. ఇప్పుడు దగ్గరికి జరిగింది.

"అమ్మా, ప్రతి ఇంట్ల గిట్లనే తిప్పుతవా?"

"తిప్పాలె గదా. నిలువు పెడితె ముసలోళ్ళకు అక్షరాలు ఆనవు."

"అందరికీ చూపియ్యాలని ఎవరన్న చెప్పిన్రా?"

"ఎవరు చెప్తరు? మా రేషన్ కార్డుల నా పేరు పదకొండేండ్లు లేకుండె, బిడ్డా. రాసుకపోయినోడు ఒక్కసారి ముంగట పెట్టి, ఇగో నీ పేరు అని సూపిస్తె ఆనాడే తెలుస్తుండె. అందుకే నేను అందరికీ సూపిస్త. మిగిలినోళ్ళు సూపియ్యరు, రాసుకోని పోతరు."

అప్పుడే చెల్లెలు గారు, "ఏదీ, ఇంకోసారి చూడనీ," అంది. అండాలమ్మ ఫోన్ తిప్పింది. తెర ఒక్క క్షణం తెల్లబోయి, నల్లబడి, యాప్ మాయమైంది.

"సూసినవా! సూసినవా, బిడ్డా!" అండాలమ్మ గంగాధరరావు గారి వరండాలో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ పూట పనంతా పోయినందుకు అంత సంతోషించిన మనిషిని ఆ ఇంటివాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

హెప్సిబా మెట్ల మీద కూర్చుని ఫోన్ తెరిచింది. ఆమె పెట్టిన ప్రోగ్రాం ఒక్క వరుసే రాసింది: తెరిచి ఉన్న కర్సర్లు, నూట ముప్పై ఏడు.

కర్సర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ ఇంటి పేర్లు ఇవ్వు అని యాప్ అడిగితే డేటాబేస్ ఒక కర్సర్‌ను చేతికిస్తుంది. జాబితాలో ఎక్కడ చదువుతున్నామో చూపించే వేలు అనుకోవచ్చు. అది తెరిచి ఉన్నంతసేపూ ఫోన్ దానికోసం కొంత చోటు అట్టిపెట్టాలి, పని అయిపోగానే మూసేయాలి. ఇక ఫోన్ అడ్డం తిప్పితే మనకు బొమ్మ తిరిగినట్టే కనిపిస్తుంది గానీ లోపల జరిగేది వేరు. పాత తెర పోయి, అక్కడ కొత్త తెర పుడుతుంది. కొత్త తెర తన కర్సర్ తాను తెరుచుకుంటుంది. పాత తెర పోతూ పోతూ తనది మూసి పోవాలి.

పాత వెర్షన్‌లో ఆ మూసే పని ఫోనే చూసుకునేది. ఆ పద్ధతి పాతబడిందని కొత్త వెర్షన్‌లో తీసేశారు. అప్పటినుంచి మూసే బాధ్యత రాసినవాళ్ళది. హెప్సిబా మూసింది కూడా, కాకపోతే వెనక్కి బటన్ నొక్కినప్పుడు మాత్రమే. ఆఫీసులో అందరూ ఆ బటనే నొక్కుతారు. ఆమె ఫోన్ తిరగకుండా ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. ఫోన్ తిప్పినా, మధ్యలో కాల్ వచ్చినా తెర పోతుందని ఆమెకు తెలియక కాదు. తెలిసీ, శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయే తొందరలో, తర్వాత చూద్దాంలే అనుకుంది. వాడిన గిన్నె కడగకుండా తొట్టిలో పడేసి, అన్నం పెట్టుకోవడానికి ప్రతిసారీ కొత్త గిన్నె తీసినట్టు, అండాలమ్మ ఎవరి పేరు వాళ్ళకు చూపించినప్పుడల్లా ఒక కర్సర్ మిగిలిపోయింది. చవకరకం ఫోన్ అది. మిగతా రోజులు మూడు, నాలుగు దాకా మోసేది; ఇవాళ హెప్సిబా పెట్టిన ప్రోగ్రాం బరువు కూడా తోడై రెండు గంటలకే మోయలేక పడిపోయింది. పైగా రోజంతా ఎక్కించినవన్నీ సాయంత్రం పంపే బటన్ నొక్కేదాకా ఎక్కడా రాసిపెట్టకుండా ఉంచిందీ హెప్సిబాయే.

"దొరికిందా, బిడ్డా?"

"దొరికింది. నీ తప్పు కాదమ్మా."

"నాకెరుకనే," అంది అండాలమ్మ. మజ్జిగ ఇచ్చిన గంగాధరరావు గారి భార్యకు చేతులెత్తి దండం పెట్టింది.

ఆరింటికి హెప్సిబా ఆఫీసు మెట్లెక్కి నేరుగా లోపలి గదికి వెళ్ళింది. మురళీకృష్ణ అంతా విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"స్క్రీన్ తిరగకుండా లాక్ చేసేద్దాం. రెండు నిమిషాల పని."

"అప్పుడు ముసలోళ్ళు వాళ్ళ పేర్లు చదవలేరు, సర్. కర్సర్ మూసేద్దాం. తెర కనిపించకుండా పోయిన ప్రతిసారీ మూసి, మళ్ళీ వచ్చినప్పుడు తెరుద్దాం. ప్రతి ఇల్లూ ఎక్కించగానే సేవ్ చేద్దాం. రేపటికి చేస్తాను."

"చెయ్యి. సైలెంటుగా కొత్త వెర్షన్ పంపించేద్దాం."

"సైలెంటుగా పంపితే ఎల్లుండి ఆమెను తీసేస్తారు. మన లెటరే రుజువు వాళ్ళకు. తప్పు మనదని రాయాలి."

"వచ్చే నెల వాళ్ళతో కాంట్రాక్టు రెన్యూవల్ ఉందమ్మా. ఇప్పుడు తప్పు మాదే అని రాసిస్తే ఏమంటారో నీకు తెలీదు. పైవాళ్ళు నన్ను అడుగుతారు, నేను నిన్ను అడగాలి." ఆయన కుర్చీ ముందుకు జరిపి లాప్‌టాప్ మూసేశాడు. "నీ పేరు మీద రాసి పంపుకో. నేను చూడలేదు. అంతకన్నా నన్ను లాగొద్దు."

అది సాయమో, తప్పించుకోవడమో హెప్సిబాకు అర్థం కాలేదు. ఆలోచించే ఓపికా లేదు. మూసారాంబాగ్‌లోని కిరాయి గదికి పోయి, అన్నం వండుకోకుండానే పడుకుంది.

శుక్రవారం పొద్దున్నే వచ్చి కోడ్ మార్చింది. మార్చాక ఫోన్ చేతిలో పట్టుకుని అడ్డం తిప్పింది, నిలువు చేసింది. మూడొందల సార్లు. మణికట్టు పీకింది. తిప్పిన ప్రతిసారీ ఒకటే అంకె కనిపించింది: తెరిచి ఉన్న కర్సర్లు, ఒకటి. ఉదయలక్ష్మికి మెయిల్ రాసి, కింద తన పేరు పెట్టి పంపింది.

మధ్యాహ్నం అండాలమ్మ కొత్త వెర్షన్ పెట్టించుకోవడానికి వచ్చింది. వస్తూ వస్తూ నాలుగు జామపండ్లు తెచ్చింది. హెప్సిబా ఫోన్ సరిచేసి ఇచ్చింది. జామపండ్లు ముట్టుకోలేదు.

"అమ్మా, ఒకటి చెప్పాలె. ఆ కాయిదం రాసింది నేనే."

అండాలమ్మకు వెంటనే అందలేదు. "ఏ కాయిదం?"

"వాడేటోళ్ళ పొరపాటు అని. నేనే రాసిన. చూడకుంటనే రాసిన."

కింద మాస్టారి లెక్కలో రెండు రైళ్ళు బయల్దేరాయి. అవి కలిసేలోపు అండాలమ్మ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"నిన్న నా డబ్బల అన్నం తింటప్పుడు గూడ ఎరుకేనా నీకు?"

"ఎరుకనే."

అండాలమ్మ ఫోన్ తీసి సంచిలో పెట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది హెప్సిబాకు.

"తప్పు నాదని ఉదయలక్ష్మి మేడంకు మెయిల్ పంపిన, అమ్మా. నీ పని పోదు."

"మెయిల్ ఆమె ఒక్కతే సూసుకుంటది. అది ముప్పైమంది ముంగట సదివిండ్రు, మేడం. ఇది గూడ గట్లనే సదవాలె." లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. వయసు మళ్ళిన మనిషి మెట్లు దిగే చప్పుడు కింద దాకా వినిపించింది. బిడ్డ పోయి మళ్ళీ మేడం వచ్చింది, అది న్యాయమే.

శనివారం పది గంటలకు ఎల్బీనగర్‌లో ఒక కమ్యూనిటీ హాలు. పై రేకులు కాలుతున్నాయి. ముప్పైమంది ఆడవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. అండాలమ్మ చిట్టచివరి వరసలో, గోడకు ఆనుకుని ఉంది. పక్క కుర్చీలో ఆమె సంచి. ఉదయలక్ష్మి హెప్సిబాను చూసి ఆశ్చర్యపోయింది.

"మీ మెయిల్ చూశానమ్మా. అండాలమ్మని తియ్యడం లేదు. ఆ మూడు రోజుల ఇళ్ళు మళ్ళీ తిరిగితే చాలు. దీనికి మీరు రావడం ఎందుకు?"

"చదవడానికి, మేడం. మొదటిది చదివినట్టే."

"అయిపోయిన దానికి మళ్ళీ అందరి ముందూ ఎందుకులెండి, మీకే బాగుండదు."

"పర్వాలేదు."

హెప్సిబా ముందుకు వచ్చి నిలబడింది. అరవై కళ్ళు తన మీదే ఉన్నాయి. మూడు రోజుల కింద అండాలమ్మ నిలబడింది కూడా ఈ కళ్ళ ముందేనని, అప్పుడు ఆమె చేతిలో చదవడానికి ఒక కాగితం కూడా లేదని గుర్తొచ్చింది. కాగితం విప్పి చదివింది.

"పోయిన మంగళవారం నేను పంపిన ఉత్తరంలో, యాప్‌లో లోపం లేదు, వాడేవారి పొరపాటు అని రాశాను. అది అబద్ధం. చూడకుండా రాశాను. లోపం యాప్‌లోనే ఉంది. దాన్ని రాసింది నేను. అండాలమ్మ మూడు రోజులూ ఇళ్ళన్నీ తిరిగింది. ఎవరి పేరు వాళ్ళకు చూపించాలని ఫోన్ తిప్పింది. అలా తిప్పినప్పుడు నేను మూయాల్సినవి మూయలేదు. ఆమె కష్టం నా వల్ల పోయింది. హెప్సిబా."

ఆమె గొంతు చివరికి వచ్చేసరికి తనకే వినిపించనంత సన్నగైపోయింది. కాగితం మడిచింది. ముందు వరసలో ఎవరో గాజులు సర్దుకున్నారు. ఉదయలక్ష్మి థాంక్స్ చెప్పడానికి నోరు తెరిచింది.

చివరి వరసలో అండాలమ్మ లేచి నిలబడింది.

"ఎనకకు ఇనవడలే," అంది. "మల్లొక్కసారి సదువు, బిడ్డా."